కుడి ముందు చక్రానికే బ్రేకు ఎందుకు పడింది: ఒక స్టెబిలిటీ కంట్రోల్ కేసు

వర్క్‌షాపుకు వచ్చిన బండి ఫ్రంట్ వీల్ డ్రైవ్ సెడాన్. ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం 2.6 మీటర్లు, వెనక మల్టీలింక్ సస్పెన్షన్, మీటరు మీద 84,000 కిలోమీటర్లు. యజమాని చెప్పిన మాటలను జాబ్ కార్డులో యథాతథంగా రాసుకున్నాను: “ఎడమ వైపు పొడుగాటి మలుపులో 70 దాటితే ఎవరో కుడి చక్రాన్ని పట్టుకుని గుంజినట్టు ఉంటుందండీ. ఆ పసుపు దీపం నాలుగైదు సార్లు మిణుకుమని ఊరుకుంటుంది. కుడి మలుపులో అసలేమీ ఉండదు.” ఈ కేసుకు కావలసిన సమాచారం దాదాపు అంతా ఆ మూడు వాక్యాల్లోనే ఉంది. దాన్ని సరిగ్గా చదవడానికి నాకు రోజున్నర పట్టింది. నాకన్నా ముందు బండిని చూసిన రెండు చోట్లా దాన్ని వేరుగా చదివారు.

బండి పూర్వాపరాలు ఇవి. ఏడెనిమిది నెలల కిందట కుడి వెనక చక్రం రోడ్డు అంచు రాయికి గట్టిగా తగిలింది. రిమ్ము వంగితే మార్చారు. ఆ తర్వాత తిన్నగా వెళ్తున్నప్పుడు కూడా స్టీరింగ్ కొంచెం కుడికి తిరిగి ఉంటోందని యజమాని చెబితే, ఒక చోట ముందు చక్రాలకు మాత్రమే అలైన్‌మెంట్ చేసి, ముందు చక్రాల దిశను పట్టి ఉంచే టై రాడ్లు సవరించి, స్టీరింగును నడిమికి తెచ్చి ఇచ్చారు. అదే సమయంలో టైర్లను ముందువి వెనక్కి, వెనకవి ముందుకు మార్చి బిగించారు. కొన్ని నెలలకు మలుపులో గుంజుడు మొదలైంది. కుడి ముందు బ్రేక్ ప్యాడ్లు ఎడమవాటికన్నా బాగా అరిగి ఉన్నాయని గమనించి, ప్యాడ్లను డిస్కుకు నొక్కే కాలిపర్ పిస్టన్ పట్టేస్తోందని అనుకుని కాలిపర్‌నే మార్చారు. గుంజుడు పోలేదు. రెండో చోట స్టీరింగ్ కోణం సెన్సరును రెండుసార్లు జీరో చేసి, ఫలితం లేకపోయేసరికి చక్రాలకు బ్రేకు పీడనం పంచే హైడ్రాలిక్ యూనిట్ మొత్తం మార్చాలని తేల్చారు. దానికి ఆర్డరు పెట్టే ముందు ఇంకొకరి మాట కూడా విందామని యజమాని నా దగ్గరికి వచ్చారు.

దీపం మిణుకుమనడానికీ, నిలిచి వెలగడానికీ తేడా

స్కానర్ పెట్టి చూస్తే ఫాల్ట్ కోడ్ ఒక్కటి కూడా లేదు. కోడ్ లేకపోవడం, దీపం నిలిచి వెలగకుండా మిణుకుమనడం, ఈ రెండూ కలిపి చదవాలి. బండి అదుపు తప్పకుండా చక్రాలకు తానే బ్రేకు వేసే స్టెబిలిటీ కంట్రోల్‌లో లోపం ఏర్పడితే ఆ దీపం వెలిగి అలాగే ఉండాలి. అమెరికాలో 2007లో వెలువడిన ఎఫ్‌ఎంవీఎస్‌ఎస్ 126 నిబంధన లోపాన్ని తెలిపే దీపాన్ని తప్పనిసరి చేస్తూనే, వ్యవస్థ పని చేస్తున్న క్షణాల్లో అదే దీపాన్ని మిణుకుమనిపించే వెసులుబాటు తయారీదారులకు ఇచ్చింది. కనుక మిణుకు అంటే “నేను చెడిపోయాను” అని కాదు, “నేను ఇప్పుడు పని చేస్తున్నాను” అని. అయితే వ్యవస్థ అనవసరంగా పని చేస్తోందా, అవసరం ఉండి పని చేస్తోందా అన్నది దీపం చెప్పదు. ముందు చూసిన రెండు చోట్లా అనవసరంగానే చేస్తోందన్న ఊహతో మొదలుపెట్టారు. నిజం చెప్పాలంటే నేను కూడా మొదటి పూట అదే ఊహతో ఉన్నాను.

ఇక్కడ ఆ వ్యవస్థ పని తీరు కొంత వివరంగా చెప్పుకోక తప్పదు, ఎందుకంటే తర్వాత చేసిన ప్రతి కొలతా దాని మీదే ఆధారపడింది. 1995లో బాష్, మెర్సిడెస్ బెంజ్ కలిసి ఈఎస్‌పీ పేరుతో మార్కెట్లోకి తెచ్చిన ఈ ఏర్పాటును ఒక్కో తయారీదారు ఒక్కో పేరుతో పిలుస్తాడు. సాంకేతిక రచనల్లో వాడే పేరు ఈఎస్‌సీ. పేరేదైనా లోపలి తర్కం ఒకటే: డ్రైవరు బండిని ఎటు పోనివ్వదలచుకున్నాడు, బండి నిజంగా ఎటు పోతోంది, ఈ రెండింటికీ తేడా ఎంత. ఈ పోలిక సెకనుకు 25 సార్లు జరుగుతుందని బాష్ చెబుతుంది.

డ్రైవరు ఉద్దేశాన్ని స్టీరింగ్ కోణం సెన్సరు, చక్రాల వేగం, యాక్సిలరేటరు, బ్రేకు పీడనం చెబుతాయి. బండి నిజ చలనాన్ని చెప్పేది సీట్ల మధ్య, నేల మీద బిగించిన చిన్న పెట్టె. అందులో ఉండే సూక్ష్మ గైరోస్కోపు బండి తన నిలువు అక్షం చుట్టూ సెకనుకు ఎన్ని డిగ్రీలు తిరుగుతోందో కొలుస్తుంది. ఇంజనీర్లు దీన్ని యా రేటు అంటారు, నేను తిరుగుడు వేగం అంటాను. అదే పెట్టెలో పక్క త్వరణాన్ని కొలిచే సెన్సరు కూడా ఉంటుంది. ఇక ఉద్దేశాన్ని తిరుగుడు వేగంగా మార్చడానికి కంట్రోలరు బండిని రెండు చక్రాల సైకిల్‌గా ఊహించుకుంటుంది. రోడ్డు మీద ముందు చక్రం తిరిగిన కోణాన్ని బండి వేగంతో గుణించి, ఇరుసుల మధ్య దూరంతోనూ, వేగం పెరిగే కొద్దీ పెరిగే ఒక గుణకంతోనూ భాగిస్తే, ఆ వేగంలో ఆ స్టీరింగుకు బండి ఎంత తిరగాలో వస్తుంది. రోడ్డు పట్టు అనుమతించేదానికన్నా ఆ సంఖ్య ఎక్కువైతే దాన్ని అక్కడికే కుదిస్తారు, ఎందుకంటే టైరుకు లేని పట్టును ఏ సాఫ్ట్‌వేరూ పుట్టించలేదు.

ఈ బండి లెక్కనే తీసుకుందాం. స్టీరింగ్ నిష్పత్తి 16, అంటే చేతిలో 16 డిగ్రీలు తిప్పితే చక్రం 1 డిగ్రీ తిరుగుతుంది. గంటకు 72 కిలోమీటర్లు, అంటే సెకనుకు 20 మీటర్ల వేగంలో ఆ గుణకం దాదాపు 1.64. స్టీరింగ్ 30 డిగ్రీలు తిప్పితే చక్రం 1.875 డిగ్రీలు తిరుగుతుంది కాబట్టి, ఉండవలసిన తిరుగుడు వేగం సెకనుకు 8.8 డిగ్రీలు. అది సుమారు 130 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపు.

కొలిచిన సంఖ్య ఉండవలసినదానికన్నా తక్కువైతే బండి ముందు భాగం మలుపు బయటికి పోతోందని అర్థం. అప్పుడు కంట్రోలరు ఇంజిన్ బలాన్ని తగ్గించి, మలుపు లోపలి వైపు వెనక చక్రానికి బ్రేకు వేస్తుంది. ఎక్కువైతే వెనక భాగం బయటికి తన్నుతోందని అర్థం. అప్పుడు బయటి వైపు ముందు చక్రానికి వేస్తుంది. ఎడమ మలుపులో బయటి వైపు ముందు చక్రం ఏదంటే, కుడిది. కుడి ముందు ప్యాడ్లు అరగడం, కుడి వైపు గుంజినట్టు ఉండడం, ఎడమ మలుపులోనే ఉండడం, ఇవన్నీ ఒకే సంఘటనకు మూడు ముఖాలు. కాలిపర్ మార్చినవారు ఫలితాన్ని పట్టుకుని అదే కారణం అనుకున్నారు. వాళ్లను తప్పు పట్టలేను. ఒక వైపు ప్యాడ్లు అరిగితే కాలిపర్‌ను అనుమానించమనే మనందరికీ నేర్పారు.

ముగ్గురు సాక్షులు

కంట్రోలరు వెనక తన్నుడు చూస్తోంది అన్నంతవరకు స్పష్టం. ఇక మూడు అవకాశాలున్నాయి. గైరో ఉన్నదానికన్నా ఎక్కువ చెబుతూ ఉండాలి. లేదా స్టీరింగ్ సెన్సరు ఉన్నదానికన్నా తక్కువ చెబుతూ ఉండాలి. లేదా రెండూ నిజమే చెబుతూ బండి నిజంగానే వెనక తన్నుతూ ఉండాలి. సెన్సరును మార్చి చూస్తే తెలుస్తుంది కదా అనేవారు ఉంటారు. నేను ఆ దారి తొక్కను. మార్చడం వల్ల సమస్య పోకపోతే నేర్చుకున్నది చాలా తక్కువ. పోయినా, సెన్సరు వల్ల పోయిందో, కనెక్టరు ఊడదీసి పెట్టడం వల్ల పోయిందో తేలదు.

గైరో నిజాయతీని గైరోతో సంబంధం లేకుండా పరీక్షించవచ్చు. తిరుగుడు వేగాన్ని కొలిచే మార్గాలు బండిలో ఇంకా రెండు ఉన్నాయి. ఫ్రంట్ వీల్ డ్రైవ్ బండిలో వెనక చక్రాలకు ఇంజిన్ బలం అందదు, అవి స్వేచ్ఛగా దొర్లుతాయి. మలుపులో బయటి చక్రం లోపలిదానికన్నా ఎంత వేగంగా దొర్లుతోందో చూసి, ఆ తేడాను రెండు చక్రాల మధ్య వెడల్పుతో భాగిస్తే తిరుగుడు వేగం వస్తుంది. రెండోది, పక్క త్వరణాన్ని బండి వేగంతో భాగించినా అదే రావాలి. కంట్రోలరు తన సెన్సర్లను లోలోపల ఇలాగే ఒకదానితో ఒకటి సరిచూసుకుంటూ ఉంటుంది; అందులో ఒకటి అబద్ధం చెబితే కోడ్ పెడుతుంది. కోడ్ లేదంటే దాని దృష్టిలో సాక్షుల మాటలు కలిశాయన్నమాట, అయినా నా కళ్లతో చూడనిదే ముందుకు పోదలచుకోలేదు.

వాహన పరీక్షలకు వాడే, రాకపోకలు లేని చదునైన మైదానంలో 130 మీటర్ల వ్యాసార్ధం ఉన్న వృత్తాన్ని కోన్లతో గుర్తించాము. స్కానర్ చూసుకోవడానికి పక్కన ఒకరిని కూర్చోబెట్టుకున్నాను. నడుపుతూ తెర చూడడం నేను చేయను, చేయనివ్వను. మొదట తిన్నగా రెండు కిలోమీటర్లు పోయాము. చక్రాల వేగాలతో చేసే లెక్కలో మోసం ఇక్కడే దొరుకుతుంది: వెనక టైర్లలో ఒకదాని గాలి తగ్గి వ్యాసార్ధం అర శాతం తేడా వస్తే చాలు, 72 కిలోమీటర్ల వేగంలో 0.36 కిలోమీటర్ల తేడా పుడుతుంది, మనం వెతికే తేడాలో అది దాదాపు సగం. గాలి సరిచేసుకుని వెళ్లాము కాబట్టి తిన్నగా ఉన్నప్పుడు రెండు వెనక చక్రాలూ ఒకే అంకె చూపాయి. ఒక్కో చక్రపు బేరింగులో 48 జతల అయస్కాంత ధ్రువాలుంటాయి, ఆ వేగంలో సెన్సరు నుంచి సెకనుకు దాదాపు 490 పల్స్‌లు వస్తాయి. అంత సన్నని కొలత కాబట్టే ఈ లెక్కను నమ్ముకోవచ్చు. తిన్నగా పోతున్నప్పుడు స్టీరింగ్ సున్నా, తిరుగుడు సున్నా, పక్క త్వరణం సున్నా. ఇంత శుభ్రమైన లాగ్ (స్కానర్ నమోదు చేసిన అంకెల పట్టిక) చూసి కొంచెం చిరాకు కూడా కలిగింది.

తర్వాత కుడి వైపు వృత్తం. 72 కిలోమీటర్ల వేగంలో ఆ వృత్తం మీద నిలవడానికి స్టీరింగ్ 30 డిగ్రీలు పట్టింది, గైరో 8.7 చూపింది, లెక్క ప్రకారం 8.8 ఉండాలి. దీపం ఊసే లేదు.

ఎడమ వైపు వృత్తంలో అదే వేగానికి, అదే గీత మీద నిలవడానికి స్టీరింగ్ 20 డిగ్రీలే పట్టింది. గైరో 8.8. వెనక చక్రాల్లో కుడిది 72.4, ఎడమది 71.6 కిలోమీటర్లు, తేడా సెకనుకు 0.22 మీటర్లు, వెడల్పు 1.5 మీటర్లు, అంటే తిరుగుడు వేగం 8.5. పక్క త్వరణం 3.3, బండి ఒక పక్కకు ఒరిగినప్పుడు గురుత్వం ఆ సెన్సరులో కలిపే భాగాన్ని తీసేస్తే 3.05, దాన్ని 20తో భాగించి డిగ్రీల్లోకి మారిస్తే 8.7. ముగ్గురు సాక్షులూ ఒకే మాట మీద ఉన్నారు. పైగా మేము గీసిన వృత్తమే నాలుగో సాక్షి: ఆ వ్యాసార్ధంలో, ఆ వేగంలో తిరుగుడు వేగం మరొకటి అయ్యే వీలు లేదు. గైరో నిర్దోషి.

స్టీరింగ్ సెన్సరు విషయంలో ఇంతకన్నా పాత పద్ధతి సరిపోయింది. స్టీరింగ్ చక్రం అంచుకు కోణమాపకం అంటించి, నిలిపి ఉన్న బండిలో ఎడమకు 20, 40, 90, కుడికి 20, 40, 90 తిప్పి స్కానర్ అంకెలతో పోల్చాను. అర డిగ్రీకి మించి ఎక్కడా తేడా లేదు. అదీ నిర్దోషే.

కంట్రోలరుకు కనిపించినది ఇప్పుడు అర్థమైంది. స్టీరింగ్ 20 డిగ్రీలకు లెక్క ప్రకారం తిరుగుడు వేగం 5.9 ఉండాలి, బండి 8.8 తిరుగుతోంది. తేడా 2.9. ఈ లాగ్‌లలో కనిపించినంతవరకు, తేడా 3 దగ్గరికి చేరిన ప్రతిసారీ పంపు మోటారు ఆన్ అయింది, మాస్టర్ సిలిండర్ పీడనం మాత్రం సున్నాగానే ఉంది. అంటే బ్రేకు మీద నా కాలు లేదు. కుడి ముందు చక్రం బయటి చక్రం కాబట్టి మిగతావాటికన్నా వేగంగా ఉండాలి. ఆ క్షణాల్లో అది పావు సెకను పాటు రెండు కిలోమీటర్లు దిగి మళ్లీ లేచింది. పది చుట్లు తిరిగి ఆగి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో డిస్కులు చూస్తే కుడి ముందుది 160 డిగ్రీలు, ఎడమ ముందుది 95.

ఆ పావు సెకనులో జరిగేదాన్ని కొంచెం దగ్గరగా చూడాలి, ఎందుకంటే హైడ్రాలిక్ యూనిట్ మార్చాలన్న సలహా సరైనదా కాదా అన్నది అక్కడే తేలుతుంది. ఏబీఎస్ మాత్రమే ఉన్న యూనిట్‌లో చక్రానికి రెండు చొప్పున ఎనిమిది వాల్వులుంటే, స్టెబిలిటీ కంట్రోల్ ఉన్నదానిలో పన్నెండు ఉంటాయి. అదనంగా ఉన్న నాలుగింటిలో రెండు మాస్టర్ సిలిండరును చక్రాల నుంచి వేరు చేస్తాయి, మిగతా రెండూ, పంపు అనేది మాస్టర్ సిలిండర్ గుండా ఆయిలు పీల్చుకునేలా దారి తెరుస్తాయి. ఈ బండిలో బ్రేకు సర్క్యూట్లు ఏటవాలుగా ఉన్నాయి, కుడి ముందు, ఎడమ వెనక చక్రాలు ఒకే సర్క్యూట్. కాబట్టి కుడి ముందు చక్రానికి మాత్రమే పీడనం చేరాలంటే ఎడమ వెనక చక్రపు ఇన్‌లెట్ వాల్వు అదే సమయంలో మూసుకోవాలి. ఎడమ వెనక డిస్కు చల్లగా, దాని వేగం లాగ్‌లో నిలకడగా ఉండడమే ఆ వాల్వు సరిగ్గా మూసుకుంటోందనడానికి రుజువు. మార్చమన్న యూనిట్ తన పని ఒక్కటి కూడా తప్పకుండా చేస్తోంది.

అంత చిన్న బ్రేకు ఏం సాధిస్తుందని అడిగేవారికి ఒక లెక్క. 54 మిల్లీమీటర్ల పిస్టన్ వెనక 15 బార్ పీడనం పెడితే, ప్యాడ్ ఘర్షణ, డిస్కు వ్యాసార్ధం, టైరు వ్యాసార్ధం అన్నీ కలుపుకుని రోడ్డు దగ్గర 900 న్యూటన్ల పైచిలుకు వెనక్కి లాగే బలం వస్తుంది. ఆ బలం బండి నడిమి గీతకు 0.75 మీటర్ల దూరంలో పని చేస్తుంది, అంటే బండిని కుడికి తిప్పే దాదాపు 700 న్యూటన్ మీటర్ల బలం. ఈ పరిమాణపు సెడాన్‌కు తిరుగుడు జడత్వం సుమారు 2000 కిలోగ్రామ్ మీటర్ స్క్వేర్ ఉంటుంది కనుక, టైర్ల ఎదురుబలాన్ని పక్కన పెడితే 0.2 సెకన్లలో తిరుగుడు వేగం 4 డిగ్రీలు తగ్గుతుంది. అదనంగా ఉన్నది 2.9. యజమాని “గుంజినట్టు” అన్నది దీన్నే.

కుడి వెనక చక్రం

ఇక మిగిలింది మూడో అవకాశం ఒక్కటే, బండి నిజంగానే ఎడమ మలుపులో వెనక తన్నుతోంది. సెన్సర్లను పక్కన పెట్టి లిఫ్టు మీదికి ఎక్కించాము.

మొదటి ఆధారం ఉండవలసిన చోట లేదు. ఎడమ ముందు టైరు లోపలి అంచు మీద చేయి అడ్డంగా రాస్తే ఒక వైపు నున్నగా, తిప్పి రాస్తే రంపపు పళ్లలా తగిలింది. ముందు చక్రాల అలైన్‌మెంట్ బాగానే ఉంది, మరి ఈ అరుగుదల ఎక్కడిది? టైర్లు మార్చి బిగించినప్పుడు ముందువి నేరుగా వెనక్కి, వెనకవి అడ్డంగా ముందుకు వచ్చాయి. అంటే ఇప్పుడు ఎడమ ముందు ఉన్నది ఒకప్పుడు కుడి వెనక ఉన్న టైరు. వైపు మారినా లోపలి అంచు లోపలే ఉంటుంది. కుడి వెనక చక్రం బయటికి చూస్తూ చాలాకాలం దొర్లిందనడానికి అది గుర్తు. ప్రస్తుతం కుడి వెనక ఉన్న టైరు మీద కూడా అదే గరుకు సన్నగా మొదలై ఉంది.

నాలుగు చక్రాల అలైన్‌మెంట్ యంత్రం మీద పెడితే, ఎడమ వెనక టో (పై నుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో చూసే కోణం) 0.1 డిగ్రీ లోపలికి ఉంది, అది సరైనదే. కుడి వెనక 0.9 డిగ్రీలు బయటికి ఉంది. అంటే రెండు వెనక చక్రాలూ సగటున 0.5 డిగ్రీ కుడికి చూస్తున్నాయి. బండి తిన్నగా పోవాలంటే ముందు చక్రాలు కూడా అంతే కుడికి చూడాలి, 0.5ను 16తో గుణిస్తే స్టీరింగ్ 8 డిగ్రీలు కుడికి. రాయి తగిలిన తర్వాత యజమాని చెప్పిన మొట్టమొదటి ఫిర్యాదు అదే. అప్పుడు ముందు టై రాడ్లు తిప్పి స్టీరింగును నడిమికి తెచ్చారు. బండి రోడ్డు మీద అర డిగ్రీ ఏటవాలుగా, వెనక భాగం ముందు భాగానికన్నా 23 మిల్లీమీటర్లు కుడికి జరిగి నడుస్తూనే ఉంది, కానీ స్టీరింగ్ సున్నా, తిరుగుడు సున్నా, అంతా బాగున్నట్టే. నా శుభ్రమైన లాగ్ వెనక ఉన్న కథ ఇది. లక్షణాన్ని అంత పద్ధతిగా తుడిచేయకుండా ఉంటే ఈ కేసు ఆరు నెలల ముందే తేలేది.

అయినా నా లెక్క ఇక్కడ కుదరలేదు. ఎడమ మలుపులో బరువు కుడి వెనక చక్రం మీదికి చేరి, వెనక ఇరుసు పక్క బలంలో పదికి ఏడు పాళ్లు అదే మోస్తుందనుకున్నా, రెండు చక్రాల సగటు 0.5 నుంచి 0.66 డిగ్రీకి పెరుగుతుంది, అంతే. ఆ 0.16 డిగ్రీ స్టీరింగ్ మీద రెండున్నర డిగ్రీలకు సమానం. నేను చూసింది పది డిగ్రీల తేడా. నిలబడి ఉన్న బండిలో కొలిచిన టో ఒక్కటే దీన్ని వివరించలేదు. బలం పడినప్పుడు ఆ చక్రం ఇంకా తిరుగుతూ ఉండాలి.

చక్రాలు గాలిలో వేలాడుతున్నప్పుడు లింకులు, వాటి చివరల్లోని రబ్బరు బుష్‌లు అన్నీ బాగానే కనిపించాయి. చక్రాల కింద బరువు పడే లిఫ్టు మీదికి మార్చి, కుడి వెనక చక్రాన్ని పక్క నుంచి లోపలికి నెట్టేలా కడ్డీతో బలం పెట్టాను. అప్పుడు కనిపించింది. టో కోణాన్ని పట్టి ఉంచే టో లింకు లోపలి బుష్‌లో రబ్బరు, లోపలి ఉక్కు గొట్టం చుట్టూ సగానికి పైగా చిరిగి ఉంది. బలం పెట్టగానే చిరుగు నోరు తెరిచినట్టు విచ్చుకుని గొట్టం పక్కకు జరుగుతోంది, బలం తీయగానే మూసుకుని ఏమీ ఎరగనట్టు ఉంటోంది. లింకు కూడా కొద్దిగా వంగి ఉంది. రాయి తగిలినప్పుడు లింకు వంగి టో బయటికి పోయి ఉంటుంది, బుష్‌లో చిన్న చిరుగు పడి ఉంటుంది. చక్రం ఎప్పుడూ ఒక వైపు నెట్టుకుంటూ దొర్లడంతో నెలల తరబడి ఆ చిరుగు పెరిగింది. గుంజుడు వెంటనే కాక కొన్ని నెలలకు మొదలు కావడానికి కారణం ఇంతకన్నా వేరే వెతకనవసరం లేదు.

ఎడమ మలుపులో రోడ్డు కుడి వెనక చక్రాన్ని ఎడమకు, అంటే లోపలికి నెడుతుంది. బుష్ లొంగి చక్రం మరో 0.6 డిగ్రీ బయటికి తిరిగితే, ఏడు పాళ్ల లెక్కన 0.42, దానికి ముందటి 0.16 కలిపితే దాదాపు 0.6 డిగ్రీ, 16తో గుణిస్తే స్టీరింగ్ మీద తొమ్మిదిన్నర. నేను చూసినది పది. ముందు చక్రాలు ఎడమకు తిరుగుతుంటే వెనక చక్రం కుడికి తిరగడం అంటే బండిని రెండు చివరల నుంచీ తిప్పడమే. కుడి మలుపులో అదే చక్రం లోపలి వైపు తేలికబడి ఉంటుంది కాబట్టి బుష్ అంతగా లొంగదు. అదే వృత్తంలో 50 కిలోమీటర్ల వేగంలో దీపం మిణుకుమనకపోవడానికి కూడా కారణం ఇదే, ఆ వేగంలో పక్క బలం సగానికి పడిపోతుంది.

ఈఎస్‌సీని ఆపేసి చూస్తే ఎలా ఉండేదని యజమాని అడిగారు. మరమ్మతుకు ముందు మైదానంలో ఒక్కసారి, 60 దాటకుండా చూశాను. వృత్తం మీద నిలకడగా ఉన్నంతసేపూ ఫరవాలేదు. యాక్సిలరేటరు మీద నుంచి కాలు తీయగానే బరువు ముందుకు చేరి వెనక భాగం కుడికి జారడం నడుముకు స్పష్టంగా తెలిసింది. రెండోసారి చేయలేదు. ఎఫ్‌ఎంవీఎస్‌ఎస్ 126 పరీక్షలో 80 కిలోమీటర్ల వేగంలో స్టీరింగును ఒక మరమనిషి అటూ ఇటూ విసిరి సున్నాకు తెచ్చిన తర్వాత, ఒక సెకనుకు తిరుగుడు వేగం గరిష్ఠంలో 35 శాతానికి, 1.75 సెకన్లకు 20 శాతానికి మించి మిగలకూడదు. చిరిగిన బుష్‌తో ఉన్న బండి ఈఎస్‌సీ లేకుండా ఆ గీటు దగ్గరికి వస్తుందని నేను అనుకోను. ఆరు నెలలుగా తడి రోడ్ల మీద కూడా ఆ పని హైడ్రాలిక్ యూనిట్ చడీచప్పుడు లేకుండా చేసిపెట్టింది. దాన్నే తీసేయమన్నారు.

మరమ్మతు, తర్వాతి కొలతలు

టో లింకును బుష్‌లతో సహా మార్చాము. చక్రపు హబ్బును మోసే నకిల్‌నూ, మిగతా లింకులనూ కొలిచి చూస్తే వంపు లేదు. బిగింపు దగ్గర ఒక జాగ్రత్త తప్పనిసరి: రబ్బరు బుష్ బోల్టును చక్రం వేలాడుతున్నప్పుడు పూర్తిగా బిగిస్తే, బండి నేల మీద దిగగానే రబ్బరు మెలి పడి ఆ మెలితోనే బతుకుతుంది, త్వరగా చిరుగుతుంది. బరువు మీద, మామూలు ఎత్తులో ఉంచి చివరి టార్కు ఇచ్చాము.

అలైన్‌మెంట్ వెనక నుంచి మొదలుపెట్టాము. వెనక రెండు వైపులా టో 0.1 డిగ్రీ లోపలికి తెచ్చి, వెనక ఇరుసు దిశ బండి నడిమి గీతతో కలిశాకే ముందు టై రాడ్ల జోలికి వెళ్లాము. గతంలో సవరించిన అర డిగ్రీని వెనక్కి తీసుకుని, స్టీరింగును నడిమికి బిగించి, స్టీరింగ్ కోణం సెన్సరునూ, చదునైన నేల మీద గైరో పెట్టెనూ జీరో చేశాము. ఈ జీరో చేయడం ఇప్పుడు అవసరమైంది, ఇంతకుముందు రెండుసార్లు చేసినది కాదు. కుడి ముందు ప్యాడ్లు 5 మిల్లీమీటర్లు, ఎడమవి 8 ఉన్నాయి కాబట్టి రెండు వైపులా కొత్తవి వేశాము. మార్చిన కాలిపర్‌లో లోపం లేదు, దాన్ని అలాగే ఉంచాము.

అదే మైదానంలో, అదే వృత్తంలో, అదే వేగంలో ఎడమకు ఇరవై చుట్లు, కుడికి ఇరవై చుట్లు తిరిగాము. స్టీరింగ్ ఎడమకు 29.5, కుడికి 30. తిరుగుడు వేగం రెండు వైపులా 8.7, 8.8 మధ్య. పంపు ఒక్కసారి కూడా ఆన్ కాలేదు. ముందు డిస్కులు 62, 60 డిగ్రీలు. యజమానిని పక్కన కూర్చోబెట్టుకుని ఎడమ వైపు చివరి రెండు చుట్లు తిప్పితే, ఆయన దీపం ఉన్న చోటే చూస్తూ కూర్చున్నారు.

మూడు నెలల తర్వాత బండి సర్వీసుకు వచ్చినప్పుడు నాలుగు టైర్ల లోపలి అంచులనూ చేత్తో తడిమి చూశాను. ఎడమ ముందు టైరు మీది పాత గరుకు చాలావరకు అరిగిపోయింది, వెనక టైర్లు రెండూ నున్నగా ఉన్నాయి. ముందు ప్యాడ్లు విప్పి కొలిస్తే కుడి వైపు, ఎడమ వైపు ఒకే మందం ఉన్నాయి.